మైలన్ గెలుపు నుంచి నాలుగు ట్రోఫీల దాకా: ఇండియానా హైస్కూల్ బాస్కెట్‌బాల్‌లో ‘సంఖ్య’ తగువు

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో 1911 నుంచి 1997 దాకా బాలుర హైస్కూల్ బాస్కెట్‌బాల్‌కు ఒకే టోర్నమెంటు, ఒకే విజేత. రెండు వందల మంది కూడా లేని పల్లెటూరి బడి అయినా, వేల మంది చదివే నగర పాఠశాల అయినా అదే పోటీలో దిగాల్సిందే. 1998 నుంచి బడులను విద్యార్థుల సంఖ్యను బట్టి నాలుగు విభాగాలు చేసి, విభాగానికో ట్రోఫీ ఇస్తున్నారు. ఈ మార్పు న్యాయమా కాదా అన్న వాదన అక్కడ ఇప్పటికీ తెగలేదు.

మన దగ్గర స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అండర్-14, 17, 19 అంటూ వయసును బట్టి జరుగుతాయి. మండల స్థాయి దాటాక ఆడేది ఏదో ఒక బడి జట్టు కాదు, ఎంపిక చేసిన జట్టు. అమెరికాలో చివరి దాకా ఆడేది బడి జట్టే కాబట్టి, బడి ఎంత పెద్దదన్నది అక్కడ అసలు ప్రశ్న అవుతుంది.

పాత పద్ధతిని సమర్థించేవారు ముందుగా చెప్పేది 1954 మార్చి 20 నాటి ఫైనల్. ఇండియానాపొలిస్‌లోని బట్లర్ ఫీల్డ్‌హౌస్‌లో 161 మంది విద్యార్థులున్న మైలన్ బడి, తనకన్నా దాదాపు పది రెట్లు పెద్దదైన మన్సీ సెంట్రల్‌ను 32-30తో ఓడించింది. చివరి క్వార్టర్‌లో రెండు పాయింట్లు వెనకబడి ఉండి కూడా మైలన్ ఆటగాడు బాబీ ప్లంప్ నాలుగు నిమిషాలకు పైగా బంతిని చేతిలోనే పెట్టుకుని నిలబడ్డాడు. నిర్ణీత సెకన్లలో షాట్ వేయాలన్న నిబంధన అప్పుడు లేదు. కొద్దిమంది ఆటగాళ్లే ఉన్న జట్టుకు ఆటను నెమ్మదింపజేయడం, ప్రత్యర్థికి దొరికే అవకాశాలను తగ్గించడం తెలివైన ఎత్తు. ఆఖరి సెకన్లలో గెలుపు షాట్ వేసిందీ ప్లంపే. అయితే ఆ తర్వాత మిగిలిన నలభై మూడేళ్ల ఏక విభాగ కాలంలో అంత చిన్న బడి మళ్లీ ట్రోఫీ అందుకోలేదు. ఒక్క గెలుపును చూపి పద్ధతి మొత్తం అందరికీ సమానమనడం నాకు బలహీనమైన వాదనగానే కనిపిస్తుంది.

పైగా ఆ ‘అందరూ’ అన్న మాటలో చాలాకాలం అందరూ లేరు. ఇండియానాపొలిస్‌లో నల్లజాతి విద్యార్థుల కోసం 1927లో తెరిచిన క్రిస్పస్ అటక్స్ హైస్కూల్‌కు, క్యాథలిక్ బడులకు 1942 దాకా ఈ టోర్నమెంటులో ప్రవేశమే లేదు. ఆ అటక్స్ జట్టే ఆస్కార్ రాబర్ట్‌సన్ ఆటతో 1955లోనూ 1956లోనూ రాష్ట్ర విజేత అయింది. పాత రోజులను తలచుకునేవారు మైలన్‌ను తలచినంతగా ఈ ముక్క తలచరు.

ఈలోగా పల్లె బడుల విలీనాలు సాగాయి. 1954లో ఏడు వందలకు పైగా బడులు ఆడిన టోర్నమెంటులో 1997 నాటికి మిగిలినవి సుమారు సగమే. విలీనమైనవి పెద్దవి కాగా, మిగిలిన చిన్న బడులు తొలి రౌండ్లలోనే ఇంటిదారి పట్టేవి. 1996లో రాష్ట్ర అథ్లెటిక్ అసోసియేషన్ విభాగాల పద్ధతికి ఆమోదం తెలిపింది. 1990 ఫైనల్‌కు నలభై వేల మందికి పైగా వచ్చిన రాష్ట్రంలో ఈ నిర్ణయం చాలామందికి మింగుడుపడలేదు.

విద్యార్థుల సంఖ్యను కొలమానంగా ఎంచుకోవడానికి కారణం సులభమే: లెక్క తేలికగా తేలుతుంది, దాన్ని ఎవరూ కాదనలేరు. కానీ ఆ లెక్క చెప్పేది ఎంతమంది ఉన్నారన్నదే తప్ప, వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు, ఇంటి ఆదాయమెంత, చిన్నప్పటి నుంచి క్లబ్బుల్లో డబ్బు కట్టి శిక్షణ పొందారా అన్నది కాదు. ఐదుగురితో ఆడే బాస్కెట్‌బాల్‌లో ఇద్దరు మేటి ఆటగాళ్లు దొరికితే చిన్న బడీ నెగ్గుకొస్తుంది. పదకొండు మంది, వారి వెనక మరెందరో కావలసిన అమెరికన్ ఫుట్‌బాల్‌లో సంఖ్య బరువు ఎక్కువ. ఫుట్‌బాల్‌ను ఇండియానా 1973లోనే విభాగాలు చేయడం అందుకే ఆశ్చర్యం కలిగించదు.

ప్రైవేటు బడుల విషయంలో తగువు మరీ ముదిరింది. ప్రభుత్వ బడికి సాధారణంగా తన పరిధిలోని పిల్లలే వస్తారు. ప్రైవేటు బడికి ఆ గీత లేదు. పొరుగునున్న ఇల్లినాయి 2005లో ఇలాంటి సరిహద్దుల్లేని బడులలో 450 మందికి మించినవాటి సంఖ్యను 1.65తో హెచ్చవేయాలని నిర్ణయించింది. అలా 500 మంది ఉన్న బడి 825 మంది ఉన్నదిగా లెక్కకు వస్తుంది. ఇండియానా 2012లో వేరే దారి పట్టింది: రెండేళ్లలో సాధించిన విజయాలకు పాయింట్లు వేసి, పరిమితి చేరిన జట్టును, ప్రభుత్వ బడిదా ప్రైవేటుదా అని చూడకుండా, పై విభాగానికి పంపడం. విభాగాలు నాలుగుకు మించి ఉన్న, విభాగం సంఖ్య పెరిగేకొద్దీ బడులు పెద్దవయ్యే ఫుట్‌బాల్‌లో 2010, 2011, 2012 సంవత్సరాల్లో నాలుగో విభాగం గెలిచిన ఇండియానాపొలిస్ క్యాథెడ్రల్ ఇలాగే ఐదో విభాగానికి వెళ్లి, 2013లోనూ 2014లోనూ అక్కడా గెలిచింది. దాని బలాన్ని విద్యార్థుల సంఖ్య ఎంత తక్కువ చేసి చూపిందో ఆ ఫలితాలే చెబుతాయి.

అన్ని సవరణల్లోకీ నాకు ఇదే నయంగా తోస్తుంది, ఎందుకంటే ఇది ఊహను కాక ఫలితాన్ని కొలుస్తుంది. దీని లోపమూ అక్కడే ఉంది. గెలిచినవారిలో పై తరగతివాళ్లు చదువు ముగించి వెళ్లిపోతారు. వారు సంపాదించిన పాయింట్ల భారంతో పై విభాగంలో ఆడవలసి వచ్చేవారిలో ఆ ట్రోఫీ గెలిచినప్పుడు ఇంకా హైస్కూల్‌లో అడుగుపెట్టని పిల్లలూ ఉంటారు.