తూము దగ్గర మనిషెందుకు?

ప్రియమైన పిల్లలకు ఆశీస్సులు.

"తాతయ్యా, లెక్కలన్నీ ఏఐ చేసేస్తోందిగా, వడ్డీ రేటు కూడా దానికే అప్పగించెయ్యొచ్చు కదా? కేంద్ర బ్యాంకులో అంతమంది కూర్చుని చర్చలెందుకు?" అని మీలో ఒకరు అడిగారు.

కేంద్ర బ్యాంకును, అంటే మన రిజర్వ్ బ్యాంకు లాంటిదాన్ని, చెరువు తూము చూసుకునే నీరుగంటి అనుకోండి. వడ్డీ తగ్గిస్తే తూము తీసినట్టు. అప్పులు తేలికై డబ్బు పారుతుంది. ధరలు మరీ పెరుగుతుంటే బిగిస్తాడు. చిక్కేమిటంటే, తూము తీసిన వెంటనే చివరి మడికి నీళ్లందవు. వడ్డీ మార్పు ప్రభావం ధరల దాకా చేరడానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఈలోపు వానే పడొచ్చు. కాబట్టి నీరుగంటి ముందుచూపుతో తూము తిప్పాలి. ఇక్కడ ఏఐ బాగా పనికొస్తుంది. అధికారిక లెక్కలు వచ్చేదాకా ఆగకుండా, కార్డు చెల్లింపులు, ఆన్‌లైన్ ధరలు చూసి నీటిమట్టం సుమారుగా ఎంతుందో ఇవాళే చెప్పగలదు.

చిన్నప్పుడు మా తాత వెంట లాంతరు పట్టుకుని రాత్రిళ్లు కాలువ గట్టున తిరిగేవాణ్ణి. ఒకసారి ఎవరో "చెరువు అడుగంటిందట" అన్నారు. అబద్ధమే. అయినా విన్నవాడల్లా పార తెచ్చి, కాలువకు గండి కొట్టి, నీళ్లు తన మడికి మళ్లించుకోవడం మొదలెట్టాడు. ఇంకాసేపుంటే అబద్ధం నిజమైపోయేదే! కానీ పుకారు కూడా కాళ్లతో నడవాల్సిన రోజులవి. నీరుగంటి పరుగెత్తుకొచ్చి, తూము ఇంకాస్త తీసి, "ఇవిగో నీళ్లు" అని చూపించే వ్యవధి దొరికింది. మా తాత తెల్లారేదాకా అందరినీ తిడుతూనే ఉన్నాడు. పార ఇంట్లో మరిచిపోయిన కోపమేమో అని నా అనుమానం.

బ్యాంకుల్లోనూ ఇలాగే జరుగుతుంది. 2007లో బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ బ్యాంకు మీద నమ్మకం సడలినప్పుడు జనం దాని బ్రాంచీల ముందు క్యూ కట్టారు. క్యూ మెల్లగా కదులుతుంది. 2023 మార్చి 9న అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్కరోజులోనే 4,200 కోట్ల డాలర్లు వెళ్లిపోయాయి. మర్నాడు బ్యాంకు మూతపడింది. మిగతా బ్యాంకులకు కొత్త అప్పు సదుపాయం ఇస్తామని అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ప్రకటించేసరికి ఆదివారం వచ్చింది.

ఇప్పుడు కేంద్ర బ్యాంకులే డిజిటల్ కరెన్సీ, అంటే నోటుకు బదులు ఫోన్‌లో ఉండే డబ్బు, తెస్తున్నాయి. బహామాస్ 2020లో తెచ్చి, ఎవరు ఎంత దాచుకోవచ్చో హద్దు కూడా పెట్టింది. లేకపోతే భయం పుట్టిన రోజున బ్యాంకుల్లో డబ్బంతా అందులోకే పోతుంది. ఆ సంగతి ఇంకో ఉత్తరంలో.

రేపు మన డబ్బు చూసుకునే పని ఏఐలకే ఇచ్చామనుకోండి. అన్నీ ఒకేలా ఆలోచించి, ఒకే వార్త చదివి, ఒకే క్షణంలో పార అందుకుంటే? నా టెన్షన్ అవి లెక్క తప్పుతాయని కాదు, అన్నీ ఒకేసారి పరుగెత్తుతాయని. నీరుగంటి చేతిలోనూ ఏఐ ఉంటుంది, నిజమే. కానీ ధరలు అదుపు చెయ్యడానికి వడ్డీ పెంచితే కొందరి ఉద్యోగాలు పోతాయి. ఎవరి మడి ఎండబెట్టాలో తేల్చేవాడికి ఒక పేరుండాలి, జనం నిలదీస్తే జవాబు చెప్పాలి.

బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ కమిటీలో 9 మంది ఉంటారు. ఎవరు ఎటు ఓటేశారో పేర్లతో సహా బయటపెడతారు. అందరూ అవే లెక్కలు చూసినా కొన్నిసార్లు ఐదుగురు ఒకవైపు, నలుగురు ఇంకోవైపు ఉంటారు. వెతికి చదవండి. కాదన్నవాళ్లు ఏం కారణం చెప్పారో, అది మీకు సబబుగా తోచిందో లేదో నాకు రాయండి.

మీ
తాతయ్య