పాతిక మిల్లీగ్రాముల ఓపిక

గుంటూరు కొత్తపేటలో మే నెల మిట్టమధ్యాహ్నం మందుల చీటీ పట్టుకుని నిలబడితే వీపంతా చెమటకాయలే. ఎండాకాలం ఒంటిమీద ఎర్రగా ఏం లేచినా మనం వేడి చేసిందంటాం. జ్వరం తోడైతే అమ్మవారేమోనని వేపమండలు తెస్తాం. ఇంట్లో ఎవరైనా కొత్తగా లామోట్రిజిన్ మొదలుపెట్టి ఉంటే మాత్రం అలా సరిపెట్టుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

మూర్ఛకూ, మనసు ఉప్పొంగడం, కుంగిపోవడం మారిమారి వచ్చే బైపోలార్‌కూ వాడే మందు ఇది. నాడీకణాల్లోకి సోడియం చొరబడే దారులను అదుపుచేసి, చెలరేగే కణాలను నెమ్మదింపజేస్తుంది. బైపోలార్‌లో ముఖ్యంగా తిరగబెట్టే డిప్రెషన్‌ను అడ్డుకుంటుంది. వేరే ఫిట్స్ మందులు లేని పెద్దవాళ్ళకు మామూలుగా రోజుకు 25 మిల్లీగ్రాములు రెండు వారాలు, తర్వాత 50 మరో రెండు వారాలు. ఇంత తక్కువ డోసుకు ఫిట్స్ ఆగకపోవచ్చు. "మందు పనిచేయట్లేదండీ" అని కంగారుపడి రెండేసి మాత్రలు వేసేది ఇక్కడే.

అలా వేయకూడదు. డోసు తొందరగా పెంచితే రోగనిరోధక వ్యవస్థ సొంత చర్మం మీదే తిరగబడే ముప్పు పెరుగుతుంది. చాలావరకు వచ్చేవి మామూలు దద్దుర్లే. అరుదుగా స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ వస్తుంది. 1922లో ఇద్దరు అమెరికా డాక్టర్లు ఇద్దరు పిల్లల్లో చూసి రాసిన జబ్బు అది. చర్మం కాలినట్టు పొక్కి ఊడుతుంది, నోరూ కళ్ళూ పుండ్లవుతాయి. మందు వల్ల వస్తే ఎక్కువగా మొదటి 8 వారాల్లోనే.

వాల్‌ప్రోయేట్ అనే మరో ఫిట్స్ మందు కూడా వాడుతుంటే మరీ జాగ్రత్త. లామోట్రిజిన్‌ను వదిలించే కాలేయం పనికి అది అడ్డుపడుతుంది, మందు రక్తంలో పేరుకుంటుంది. అందుకే వాళ్ళకు రోజు విడిచి రోజు 25తో మొదలుపెడతారు. ఇంకో ఫిట్స్ మందు కార్బమజెపైన్‌తో అయితే ఉల్టా, లామోట్రిజిన్ త్వరగా ఖర్చైపోతుంది. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలూ రక్తంలో దీని పాళ్ళను తగ్గిస్తాయి. పక్కింటావిడ డోసుతో పోల్చుకోవద్దు. వాడుతున్న ప్రతి మాత్రా డాక్టరుగారి ముందు పెట్టండి, చెప్పడానికి మొహమాటపడేవి కూడా.

పెళ్ళికి బెజవాడ వెళ్ళి మాత్రలు మర్చిపోయి ఐదారు రోజులు గడిచాయనుకోండి. పాత డోసు ఒక్కసారిగా అందుకోకూడదు. డాక్టరుగారు మళ్ళీ 25 నుంచి ఎక్కించాల్సి రావచ్చు.

ఇక దద్దుర్లు. చెమటకాయలో కాదో ఇంట్లో తేల్చుకోకండి. తర్వాతి మాత్రకు ముందే, అదే రోజు డాక్టరుకు చూపించండి. జ్వరం, నోటిపూత, ఎర్రబడ్డ కళ్ళు, పొక్కులు, వీటిలో ఏ ఒక్కటి తోడైనా లామోట్రిజిన్ ఇక వేయొద్దు. అర్ధరాత్రయినా సరే, వాడుతున్న మందుల అట్టలన్నీ సంచిలో వేసుకుని క్యాజువాలిటీకి వెళ్ళిపోండి.