వర్జీనియా తొలి గవర్నర్లు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని వర్జీనియాలో నాలుగో తరగతి పిల్లలు తమ రాష్ట్ర చరిత్రను ప్రత్యేకంగా చదువుతారు. ఇక్కడ ఆ పాఠం చెప్పే నన్ను తెలుగు తల్లిదండ్రులు ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది: "ప్యాట్రిక్ హెన్రీని వర్జీనియా తొలి గవర్నరుగా వేసింది జార్జ్ వాషింగ్టనే కదా, టీచర్ గారూ?" ఒక పాప ఈ మాటనే అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసుకొచ్చి, తరగతి ముందు తప్పని తెలిశాక కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ వాక్యం రాయించింది తానేనని ఆమె తండ్రి ఆ సాయంత్రం ఫోనులో ఎంతో నొచ్చుకున్నారు. ఆయనను తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు. గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారని మన రాజ్యాంగంలోని 155వ అధికరణం చెబుతుంది. అది చదివి పెరిగినవారికి ఆ పదం వినగానే కేంద్రం పంపిన మనిషి గుర్తుకురావడం సహజం.

అయితే 1776లో నియమించడానికి అధ్యక్షుడే లేడు. అప్పటికి వాషింగ్టన్ న్యూయార్క్‌లో బ్రిటన్‌పై పోరాడే సైన్యాన్ని నడుపుతున్నాడు. ఆయన అధ్యక్షుడిగా ప్రమాణం చేసింది 1789 ఏప్రిల్ 30న. తాత్కాలికంగా బాధ్యత చూసినవారిని పక్కన పెడితే, ఆనాటికే హెన్రీ, జెఫర్సన్, నెల్సన్, హారిసన్, ఎడ్మండ్ రాండాల్ఫ్, బెవర్లీ రాండాల్ఫ్ అనే ఆరుగురు ఆ పదవిని చేపట్టి ఉన్నారు. వర్జీనియా తన రాజ్యాంగాన్ని ఆమోదించుకున్నది 1776 జూన్ 29న. అదే రోజు విలియమ్స్‌బర్గ్‌లో సమావేశమైన ప్రతినిధులు 60 ఓట్లతో హెన్రీని ఎన్నుకున్నారు.

"కేంద్రం కాకపోతే ప్రజలే నేరుగా ఎన్నుకుని ఉంటారు" అన్నది దాని వెంటే వచ్చే రెండో పొరపాటు. ఓటర్లు నేరుగా గవర్నరును ఎన్నుకోవడం 1851 నాటి రాజ్యాంగంతో మొదలైంది. అంతవరకు శాసనసభ ఉభయ సభలే ఉమ్మడి బ్యాలెట్‌తో ఎన్నుకునేవి. తొలి రాజ్యాంగం ప్రకారం పదవీకాలం ఒక్క ఏడాది. వరుసగా మూడేళ్లకు మించి ఎవరూ ఉండకూడదు, ఆ తరువాత నాలుగేళ్లపాటు మళ్లీ ఎన్నికయ్యే అర్హత ఉండదు. బిల్లును తిప్పిపంపే వీటో లేదు, సభను రద్దు చేసే అధికారం లేదు. మిలీషియాను, అంటే పౌరసైన్యాన్ని, పిలవాలన్నా, శిక్ష పడినవారిని క్షమించాలన్నా ఎనిమిది మంది సభ్యుల మండలి సలహా తీసుకోవాలి. ఇంతగా చేతులు కట్టేయడానికి కారణం బ్రిటన్ రాజు పంపిన చివరి గవర్నరు డన్మోర్. 1774లో తమ సభను రద్దు చేసి, 1775 జూన్‌లో యుద్ధనౌకలోకి వెళ్లి తలదాచుకున్న ఆ మనిషిని కళ్లారా చూసినవారే ఈ రాజ్యాంగం రాశారు.

ఇది తెలియకపోవడం వల్ల ఎక్కువగా నష్టపోయేది రెండో గవర్నరు థామస్ జెఫర్సన్. గవర్నరుగా ఉండి శత్రువును చూసి పారిపోయాడన్న మాట ఇప్పటికీ సామాజిక మాధ్యమాల్లో తిరుగుతూనే ఉంది. తేదీలు ఒక్కసారి చూడకుండా దీన్ని పంచుకునేవారి పట్ల నాకు ఓపిక ఉండదు. ఆయన పదవీకాలం 1781 జూన్ 2న ముగిసింది. బ్రిటిష్ సేనాని టార్లెటన్ అశ్వదళం షార్లట్స్‌విల్ మీదికి వచ్చింది జూన్ 4న. రిచ్‌మండ్ నుంచి అక్కడికి తరలివచ్చిన శాసనసభ వారసుణ్ణి ఎన్నుకోకముందే మళ్లీ కొండలు దాటి స్టాంటన్ చేరుకోవలసి వచ్చింది. థామస్ నెల్సన్‌ను ఎన్నుకున్నది జూన్ 12న. మధ్యలో మండలి సభ్యుడు విలియం ఫ్లెమింగ్ పని నడిపించాడు. ఏడాదికొకసారి సభ కూడి ఎన్నుకుంటే తప్ప గవర్నరు లేని ఏర్పాటులో, సభే పరుగుతీస్తే కుర్చీ ఖాళీ అవుతుంది. జెఫర్సన్ నడవడిపై విచారణ జరపాలని సభ తీర్మానించిన మాట నిజమే. కానీ ఆ సభే డిసెంబరులో ఆయనకు కృతజ్ఞతలు తెలిపింది. ఈ రెండో సగాన్ని ఎవరూ పంచుకోరు.

నెల్సన్ స్వయంగా వర్జీనియా మిలీషియాను వెంటబెట్టుకుని యార్క్‌టౌన్ ముట్టడికి వెళ్లాడు. అక్టోబరు 19న అక్కడ లొంగిపోయిన బ్రిటిష్ సైన్యానికి అధిపతి కార్న్‌వాలిస్. ఐదేళ్లకు గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చి శాశ్వత శిస్తు పద్ధతి పెట్టినది ఈయనే. ఈ మాట చెప్పినప్పుడు తాతయ్యలు, నాయనమ్మలు కూడా కుర్చీ ముందుకు జరుపుకుని వింటారు.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. వాషింగ్టన్ ఎన్నడూ వర్జీనియా గవర్నరు కాదు. స్వాతంత్ర్యమో మరణమో అన్న ప్రసంగం హెన్రీ 1775 మార్చిలో చేశాడు, అప్పటికి గవర్నరు డన్మోర్. విలియమ్స్‌బర్గ్‌లో పిల్లలు చూసే గవర్నరు భవనం పాతది కాదు, 1781లో కాలిపోయిన దాని స్థానంలో 1930లలో మళ్లీ కట్టినది.

ఆ పాప రెండు వారాల తరువాత కొత్త అట్టతో వచ్చింది. ఈసారి తండ్రీ కూతుళ్లు కలిసి తేదీలన్నీ వరుసగా రాశారు. హెన్రీ 1776 నుంచి 1779 దాకా ఉండి, మళ్లీ 1784లోనే ఎందుకు వచ్చాడని ఆ పాప అడిగింది. మూడేళ్ల పదవి ముగిసిన 1779కి నాలుగేళ్లు కలపమన్నాను. 1783 అని తానే వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పి, ఆ ఏటి నుంచి ఆయనకు మళ్లీ అర్హత వచ్చిందని అట్ట మీద ఎర్ర పెన్సిలుతో రాసుకుంది.