పిల్లల వార్డుకు బొమ్మలు తీసుకెళ్తున్నారా? అపోహలు - వాస్తవాలు

నవంబరు 14 దగ్గరపడిందంటే పిల్లల ఆసుపత్రుల్లో హెడ్ నర్సుల గదులు అట్టపెట్టెలతో నిండిపోతాయి. డిసెంబరు చివర్లో మళ్లీ అదే వరస. పాప పుట్టినరోజు ఫంక్షన్ మానుకుని ఆ డబ్బుతో కొన్నవాళ్లు, తాతగారి పేరిట ఏటా పంచేవాళ్లు, అందరిదీ మంచి మనసే. పెట్టె విప్పితే మాత్రం సగం టెడ్డీ బేర్లు. క్యాన్సర్ వార్డులోకి అవి వెళ్లవని సిస్టర్ చెప్పగానే "కొత్తవే కదమ్మా, కవరు కూడా తీయలేదు" అంటారు. అసలు చిక్కంతా ఆ మాటలోనే ఉంది.

అపోహ: కవరు తీయని కొత్త బొమ్మ కాబట్టి శుభ్రంగానే ఉంటుంది.

వాస్తవం: బొమ్మ కొత్తదా పాతదా అన్నది కాదు, తుడిస్తే శుభ్రపడుతుందా లేదా అన్నదే వార్డులో లెక్క. కవరు విప్పిన అరగంటకే అది మంచం మీద, నేల మీద, పక్క మంచం బాబు నోట్లో ఉంటుంది. బొచ్చు, లోపలి దూది చొంగను, ఒలికిన పాలను, తుమ్మిన తుంపరను పీల్చుకుంటాయి. పైన స్పిరిట్‌తో తుడిచినా లోపలి తడి అలాగే ఉండిపోతుంది. కీమో నడుస్తున్న పిల్లల్లో న్యూట్రోఫిల్స్, అంటే క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు, పడిపోతాయి. వాటి లెక్క (రక్తపరీక్షలో ఏఎన్‌సీ అంటారు) 500 కంటే తగ్గిన బిడ్డకు మనల్ని ఏమీ చేయని క్రిమి కూడా ప్రమాదమే. ఆ దశలో 38.3 డిగ్రీల సెల్సియస్, అంటే దాదాపు 101 ఫారన్‌హీట్ జ్వరం ఒక్కసారి తగిలినా ఎమర్జెన్సీ కిందే లెక్క. గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కించాలని చూస్తారు.

నీళ్లలో ఆడే రబ్బరు బాతులు ఇంకా నయం అనుకోకండి. కింద చిల్లు ఉండి పిండితే నీళ్లు చిమ్మే రకం మరీ చెడ్డది, లోపలి నీళ్లు ఎప్పటికీ ఆరవు. ఆస్ట్రేలియాలో ఒక పిల్లల క్యాన్సర్ వార్డులో మందులకు లొంగని సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లు వరసగా వస్తుంటే, నీళ్లు నిలిచిన స్నానపు బొమ్మలకు వాటితో సంబంధం ఉందని తేలింది. ఆ నివేదిక 1998 నాటిది. బాతులు మాత్రం ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

మరి ఏం కొనాలి? చిల్లులు, గుడ్డ, బొచ్చు లేని గట్టి ప్లాస్టిక్ బొమ్మలు, పెద్ద బిళ్లల బ్లాక్స్, తుడవడానికి వీలయ్యే నున్నటి అట్టల పుస్తకాలు, బిడ్డకొకటి చొప్పున రంగు పెన్సిళ్ల పెట్టె. ప్లే రూమ్‌లో నలుగురూ ఆడే ప్లాస్టిక్ బొమ్మలను ముందు సబ్బునీళ్లతో రుద్ది కడగాలి. ఆ తర్వాత లీటరు నీళ్లలో 5 శాతం బ్లీచ్ ద్రావణం 20 మిల్లీలీటర్లు కలిపి 10 నిమిషాలు నానబెట్టాలి. మంచినీళ్లతో జాడించి పూర్తిగా ఆరనివ్వాలి. జిడ్డు, మట్టి పోకముందే బ్లీచ్‌లో వేస్తే అది పనిచేయదు. నిన్న కలిపిన నీళ్లు ఇవాళ వాడకూడదు, బలం తగ్గిపోతుంది. బాత్రూమ్ యాసిడ్‌తో మాత్రం ఎన్నడూ కలపకండి, విషవాయువు వస్తుంది. బ్యాటరీ బొమ్మలను ముంచలేం కాబట్టి 70 శాతం ఆల్కహాల్ వైప్స్‌తో తుడవాలి.

ఇది చదివి, మొన్ననే మా బిడ్డకు టెడ్డీ ఇచ్చామే అని కంగారుపడే తల్లిదండ్రులకు ఒక మాట. బొచ్చు బొమ్మ విషం కాదు. కాలు విరిగి ఆర్థో వార్డులో ఉన్న పిల్లాడికి సొంతంగా ఒకటి ఉంటే చాలాచోట్ల అభ్యంతరం చెప్పరు. కీమో బిడ్డ దాన్ని పట్టుకుని తప్ప నిద్రపోనంటే వాట్సాప్ మెసేజ్ చూసి లాక్కోకండి. వార్డు డాక్టరును అడగండి. ఉంచుకోమంటే 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికి, లోపలిదాకా ఆరబెట్టి ఇవ్వండి. ఇంకో బిడ్డ చేతికి వెళ్లనివ్వకండి.

అపోహ: కాస్త జలుబే, మాస్క్ పెట్టుకుంటే చాలు.

వాస్తవం: చాలదు. ఆ రోజు మీరు ఇంట్లో ఉండి, పిల్లలకు ఇచ్చే బహుమతి సంచులు సర్దండి. ఆటలమ్మ సంగతి మరీ ముఖ్యం. పొక్కులు లేవకముందు, ఒకటి రెండు రోజుల నుంచే అది అంటుకుంటుంది. బ్లడ్ క్యాన్సర్ బిడ్డకు సోకితే ప్రాణం మీదికి వస్తుంది. మీ పిల్లల బడిలో ఎవరికైనా వచ్చి ఉంటే, ఇదివరకు ఆటలమ్మ రాని, టీకా వేయించుకోని మీ పిల్లలు ఆటలమ్మ వచ్చిన ఆ బడి బిడ్డను కలిసిన 8వ రోజు నుంచి 21వ రోజు దాకా వార్డు వైపు వెళ్లకూడదు. ముందురోజు సాయంత్రమే ఇంట్లో అందరినీ అడగండి: జ్వరం, దగ్గు, విరేచనాలు, ఒంటిమీద దద్దు? వార్డులోకి ఇద్దరు వెళ్తే చాలు. విరేచనాల వార్డులో శానిటైజర్‌ను నమ్ముకోకండి, కొన్ని క్రిములు దానికి చావవు. సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు కడుక్కోవాలి.

అపోహ: అరటిపండ్లు, బిస్కెట్లు ఎవరికైనా ఇవ్వొచ్చు.

వాస్తవం: రేపు పొద్దున ఆపరేషన్ ఉన్న బిడ్డ రాత్రి నుంచి ఏమీ తినకూడదేమో. కిడ్నీ జబ్బు బిడ్డకు అరటిపండు, కొబ్బరినీళ్లలో ఉండే పొటాషియమే ముప్పు కావచ్చు. టైప్ 1 డయాబెటిస్ బిడ్డకు తిండినిబట్టి ఇన్సులిన్ మోతాదు ఉంటుంది. కీమో బిడ్డకు నోరంతా పుండ్లు. మంచం మంచానికీ లెక్క మారుతుంది కాబట్టి బిడ్డ సంచిలో తిండి పెట్టొద్దు. తల్లికి ఫ్లాస్కు, సబ్బు, దువ్వెన, టవలు ఇవ్వండి. ఊరి నుంచి కట్టుబట్టలతో వచ్చేసినవాళ్లకు బొమ్మకన్నా అవే ముందు కావాలి.

మిగతావి గబగబా. గిఫ్ట్ పేపర్ చుట్టొద్దు, సిస్టర్లు చూసి పంపాలి కాబట్టి ఎలాగూ చింపుతారు. రబ్బరు బెలూన్లు వద్దు. పగిలిన ముక్క గొంతులో అడ్డం పడుతుంది, పదేపదే ఆపరేషన్లయిన పిల్లల్లో లేటెక్స్ (రబ్బరు) అలర్జీ కూడా ఎక్కువ. మూడేళ్లలోపు వాళ్లకు 32 మిల్లీమీటర్ల గొట్టంలో పట్టే ముక్క ఏదీ ఉండకూడదు. బటన్ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు, అందుకని బ్యాటరీ మూతకు స్క్రూ ఉందో లేదో చూడండి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలపై ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఫుట్‌పాత్ మీద డజన్ల లెక్కన దొరికేవాటిపై అది తరచూ కనిపించదు.

"ఫలానా బిడ్డ చివరి కోరిక, అందరూ కార్డులు పంపండి" అనే ఫార్వర్డ్‌లను అక్కడే ఆపేయండి. బ్రిటన్‌లో క్రెయిగ్ షెర్‌గోల్డ్ అనే పిల్లాడి కోసం 1989లో మొదలైన పిలుపుకు ఏడాది తిరిగేసరికి కోటిన్నరకు పైగా కార్డులొచ్చాయి. 1991లో ఆపరేషన్‌తో అతను కోలుకున్నాడు. ఇక పంపొద్దు మొర్రో అన్నా ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి.

అందరూ మరిచిపోయేది 13 నుంచి 17 ఏళ్ల వాళ్లను. పిల్లల వార్డులో వాళ్లూ ఉంటారు, వాళ్ల చేతికి గిలక్కాయ ఇస్తే మొహం తిప్పేసుకుంటారు. స్కెచ్ పుస్తకం, ఇయర్‌ఫోన్లు, ప్లాస్టిక్ పేక ముక్కలు ఇవ్వండి. ఏ వయసుకైనా సరే, ఒక చేతికి కాన్యులా (మందులు ఎక్కించే గొట్టం) ఉంటుందని గుర్తుపెట్టుకుని ఒంటిచేత్తో ఆడగలిగేవి ఎంచండి. ఎన్ని కావాలో ఆ రోజు ఉదయమే సిస్టర్‌ను అడిగి, మంచాల లెక్కకు పదింట ఒకటి అదనంగా కలపండి. మధ్యాహ్నానికి కొత్త అడ్మిషన్లు ఉంటాయి. మంచం దగ్గర "తీసుకుంటావా?" అని అడగండి. సూది వద్దనే వీలు ఆ బిడ్డకు లేదు, మిమ్మల్నైనా వద్దననివ్వండి. ఫొటోలు తీయొద్దు. మిగిలిన సంచులను పేర్లు రాయకుండా, వయసు మాత్రం రాసి సిస్టర్‌కు అప్పజెప్పి రండి.