సీజియం నేలలో వరి వేరు

గోదావరి డెల్టాలో తేలిక నేలల్లో వరి వేసే రైతు పొటాషియం ఎరువైన పొటాష్‌ను రెండు విడతలుగా, సగం ఆఖరి దమ్ములోనూ మిగతా సగం చిరుపొట్ట దశలోనూ వేస్తాడు. పైరు పడిపోకుండా నిలబడడానికీ, తాలు తగ్గి గింజ నిండడానికీ, తెగుళ్లను తట్టుకోవడానికీ అది అవసరమని అతనికి అనుభవం మీద తెలుసు. 2011 మార్చి 11న వచ్చిన భూకంపం, సునామీల తరువాత అణు విద్యుత్ కేంద్రం దెబ్బతిని రేడియోధార్మిక సీజియం రాలిన జపాన్‌లోని ఫుకుషిమా పొలాల్లో, ఈ పొటాషే వరిని కాపాడే ముఖ్యమైన సాధనమయింది. కలుషిత నేలలో మొక్క ఎలా బతుకుతుందన్న ప్రశ్నకు సమాధానం వెతకాలంటే ముందు ఈ ఎరువు దగ్గరే ఆగాలి.

రసాయన ధర్మాల్లో సీజియం పొటాషియానికి దగ్గరి చుట్టం. మూలకాల ఆవర్తన పట్టికలో రెండూ ఒకే నిలువు వరుసలో ఉంటాయి. మొక్కకు రేడియోధార్మికతను పసిగట్టే ఇంద్రియమేదీ లేదు. నేలలో పొటాషియం చాలనప్పుడు వేరు, దొరికిన కాస్తనూ లాక్కోవడానికి ప్రత్యేకమైన రవాణా ప్రోటీన్లను తయారుచేసుకుంటుంది. అవి పొటాషియంతో పాటు సీజియాన్ని కూడా లోపలికి పంపుతాయి. అదే నేలలో పొటాషియం సమృద్ధిగా ఉంటే ఆ ప్రోటీన్ల తయారీ తగ్గుతుంది, ఉన్న ద్వారాల దగ్గర పోటీలో సీజియం వెనకబడుతుంది. అణు ప్రమాదాల్లో వెలువడే మరో రేడియోధార్మిక పదార్థం స్ట్రాన్షియం-90 ఇదే విధంగా కాల్షియం దారిలో ప్రవేశిస్తుంది. సీజియం-137 సగానికి తగ్గడానికి సుమారు 30 ఏళ్లు, స్ట్రాన్షియం-90కి సుమారు 29 ఏళ్లు పడుతుంది కాబట్టి, ఒక రైతు తన జీవితకాలమంతా వాటితోనే సేద్యం చేయవలసి వస్తుంది.

నేల స్వభావం కూడా ఇక్కడ చాలా నిర్ణయిస్తుంది. ఇల్లైట్ వంటి కొన్ని బంకమట్టి ఖనిజాల పొరల అంచుల్లో సీజియం చిక్కుకుని దాదాపు బయటికి రాదు. మన నల్లరేగడిలో ఎక్కువగా ఉండే స్మెక్టైట్ దాన్ని అంత గట్టిగా పట్టుకోదు. ఇసుక నేల పట్టుకునేది మరీ తక్కువ. నీరు నిలిచిన వరి మడిలో నత్రజని అమ్మోనియం రూపంలో ఉంటుంది. ఆ అమ్మోనియం అయాను పరిమాణంలో సీజియానికి దగ్గరగా ఉండి, మట్టి రేణువులను అంటుకున్న సీజియాన్ని తోసివేసి నీటిలోకి విడిపిస్తుంది. అందువల్ల మాగాణి మెట్ట కంటే చిక్కైన వ్యవహారం. అయినా ఫుకుషిమాలో పొటాష్ వాడకం ఫలించింది. 2012 నుంచి 2019 వరకు అక్కడ పండిన ప్రతి బియ్యం బస్తానూ, అంటే ఏటా సుమారు కోటి బస్తాలను, పరీక్షించారు; 2015 పంట నుంచి కిలోకు 100 బెకరల్స్ (అంటే సెకనుకు 100 పరమాణువుల విచ్ఛిన్నం) అనే పరిమితిని ఒక్క బస్తా కూడా దాటలేదు.

ఇంతకు ముందే, 2011లో, పొద్దుతిరుగుడు సీజియాన్ని లాగేస్తుందని, దాన్ని వేసి నేలను శుభ్రం చేయవచ్చని చాలామంది ఆశపడ్డారు. ఆ ఆశ అందమైనదే కానీ, జపాన్ వ్యవసాయ శాఖ వేసి చూస్తే ఆ మొక్కలు మట్టిలోని సీజియంలో దాదాపు రెండువేలవ వంతు మాత్రమే తీసుకున్నాయి. పై పొర మట్టిని తవ్వి తీసేయడమే చివరికి నిజంగా పనికొచ్చింది.

కోనసీమలో ఈ మాటలు వినే పాఠకుడు భయపడనవసరం లేదు. ఇక్కడి నేల అణు ప్రమాదాలకు గురైనది కాదు. రేడియోధార్మికత మాత్రం ఇక్కడా ఉంది, సృష్టి మొదటి నుంచీ ఉంది. ప్రకృతిలోని పొటాషియంలో కొద్ది భాగం పొటాషియం-40. ఒక గ్రాము పొటాషియంలో సెకనుకు సుమారు 31 పరమాణువులు విచ్ఛిన్నమవుతుంటాయి. రావులపాలెం సంతకు వచ్చే అరటి గెలల్లోనూ, వాటికి వేసిన పొటాష్ బస్తాలోనూ, వాటిని మోసే మనిషి శరీరంలోనూ అది ఉంటుంది. తూర్పు కనుమల రాళ్లు అరిగి నదుల వెంట కొట్టుకొచ్చి తీరాన చేరిన నల్ల ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం కనిపిస్తుంది, అందులో థోరియం ఉంటుంది. అయితే మోనజైట్ నీటిలో కరగదు, కాబట్టి వేరుకు అందేది బహు స్వల్పం. పరిమాణాన్నీ, రసాయన రూపాన్నీ చూడకుండా రేడియోధార్మికత పేరు వినగానే బెదరడం శాస్త్రీయం కాదు.

ఇక మోతాదు నిజంగా ఎక్కువైన చోట ఏమవుతుంది? 1986 ఏప్రిల్ 26న ఇప్పటి ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో నాలుగో రియాక్టర్ పేలినప్పుడు, దగ్గరలోని స్కాట్స్ పైన్ అడవి 400 హెక్టార్లకు పైగా మాడి ఎర్రబారింది. దాన్ని ఎర్ర అడవి అని పిలవసాగారు. పక్కనే ఉన్న బర్చ్ చెట్లు చాలావరకు బతికాయి. ఈ తేడా కొత్త కాదు. అమెరికాలో బ్రూక్‌హావెన్ ప్రయోగశాల 1961 నుంచి లాంగ్ ఐలాండ్ అడవి మధ్యలో సీజియం-137 మూలకాన్ని నిలిపి గమనించినప్పుడు కూడా పైన్ చెట్లే ముందు చనిపోయాయి, తరువాత ఓక్‌లు, పొదలు, చివరికి నాచు, శిలావల్కాలు (లైకెన్లు) మిగిలాయి. అక్కడే పనిచేసిన ఆర్నల్డ్ స్పారో, కేంద్రకంలో క్రోమోజోముల ఘనపరిమాణం ఎంత పెద్దదైతే మొక్క రేడియేషన్‌కు అంత లొంగుతుందని చూపించాడు. పైన్ జన్యురాశి దాదాపు 2,200 కోట్ల అక్షరాలు, వరిది సుమారు 40 కోట్లు. పెద్ద గోడ మీద రాయి తగిలే అవకాశం ఎక్కువ.

కిరణం నేరుగా డీఎన్‌ఏను తెంచడం ఒక దెబ్బ. అంతకంటే తరచుగా అది కణంలోని నీటిని చీల్చి, కనిపించిన ప్రతి అణువునూ ఆక్సీకరించే హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను పుట్టిస్తుంది. ఈ రెండో రకం నష్టం మొక్కకు పాత పరిచయమే: మండుటెండ, కరువు, ఉప్పు కూడా కణంలో ఇలాంటి విషాలనే పుట్టిస్తాయి. వాటిని శాంతింపజేసే కేటలేజ్, సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ వంటి ఎంజైములు కోట్ల ఏళ్లుగా మొక్కల్లో ఉన్నాయి. స్లోవేకియా శాస్త్రవేత్తలు చెర్నోబిల్ రియాక్టర్‌కు సుమారు 5 కిలోమీటర్ల దూరంలో సోయా చిక్కుడు వేసి, గింజల ప్రోటీన్లను పరిశీలించి 2009లో ఫలితాలు ప్రకటించారు. భార లోహాలను కట్టడి చేసే ప్రోటీన్లతో పాటు బీటైన్ ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము కూడా ఆ గింజల్లో పెరిగింది.

ఈ ఎంజైము చేసేది గ్లైసిన్ బీటైన్ తయారీ. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో, రోజుకు రెండు పోట్లు తడిపే ఉప్పు బురదలో నిలిచే మడ చెట్లు ఈ పదార్థాన్నే ఆకుల్లో నిల్వ చేసుకుని, ఉప్పు లాగేసే నీటిని కణంలో పట్టి ఉంచుతాయి. అంటే చెర్నోబిల్‌లో సోయా ప్రయోగించింది కొత్త ఆయుధం కాదు, ఉప్పు నేలల మొక్కలు వాడుతున్నదే. వరికి గ్లైసిన్ బీటైన్‌ను సొంతంగా కూడబెట్టే శక్తి లేకపోవడం, చౌడు పొలాల రైతుకు తెలియని దురదృష్టాల్లో ఒకటి.

తరువాతి తరాలకు అందే మార్పుల సంగతి ఇంకా ఆసక్తికరం, అంతే వివాదాస్పదం. ఈగోర్, ఓల్గా కోవల్చుక్‌లు చెర్నోబిల్ పైన్ చెట్ల డీఎన్‌ఏపై మిథైల్ అనే రసాయన గుర్తులు పెరిగాయని 2003లో ప్రకటించారు. జన్యురాశి అస్థిరం కాకుండా ఈ గుర్తులు బిగించి ఉంచుతాయని వారి భావన. మరుసటి ఏడాది, ప్రయోగాల్లో ఎక్కువగా వాడే ఆవ కుటుంబపు చిన్న మొక్క అరబిడాప్సిస్‌ను తీసుకుని, చెర్నోబిల్‌లో పెరిగిన మొక్కల సంతతిలో డీఎన్‌ఏను మరమ్మతు చేసే, రాడికల్స్‌ను అణచే జన్యువులు చురుకుగా ఉన్నాయని కూడా చూపారు. అయితే తరువాతి పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పలేదు. పేలుడు రోజుల్లో బలహీనమైనవి రాలిపోయి గట్టివి మిగలడం, బతికినవి తమ జీవక్రియను సర్దుకోవడం, ఆ సర్దుబాటు విత్తనానికి అందడం, ఈ మూడూ వేర్వేరు విషయాలు. విత్తనాన్ని శుభ్రమైన నేలలో ఒకటి రెండు తరాలు పెంచి, ఆపై రేడియేషన్‌కు గురిచేసి పోల్చితేనే వాటిని విడదీయగలం. ఈ పరీక్ష లేకుండా అనుకూలనం అన్న మాట వాడడం తొందరపాటని నా అభిప్రాయం.

మనిషి ఈ లోగా మొక్కను తనే మార్చడం మొదలుపెట్టాడు. 2017లో ఒక బృందం వరిలోని హాక్1 అనే పొటాషియం రవాణా జన్యువును జన్యువును కోసి మార్చే క్రిస్పర్ పద్ధతితో నిష్క్రియం చేసి, ఫుకుషిమా మట్టిలో కూడా సీజియం చాలా తక్కువగా తీసుకునే మొక్కలను సాధించింది. అదే ఏడాది జపాన్ శాస్త్రవేత్తలు జన్యువులు మారిన (ఉత్పరివర్తిత) వేలాది వరి మొక్కలను జల్లించి, గింజలో సీజియం దాదాపు సగానికి తగ్గిన ఒకదాన్ని పట్టుకున్నారు. అందులో దెబ్బతిన్న జన్యువు పేరు ఎస్‌ఓఎస్2, ఉప్పును తట్టుకోవడానికి మొక్కకు అవసరమైనది. వేరులో సోడియం పేరుకుపోవడం వల్లే సీజియాన్ని లాగే ద్వారాలు అణిగాయి. ఫుకుషిమాలోని మంచినీటి మళ్లలో ఆ రకం పండుతుంది. సముద్రపు పోటు కాలువల్లోకి ఎక్కే డెల్టా చివరి పొలాల్లో, నైరుతి వానలు మొదలై నీళ్లు చప్పబడే దాకా, అది నిలవడం కష్టం.