ఆఫీసుకెళ్లే కారుతోనే ఆటోక్రాస్: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో ఆటోక్రాస్ అంటే పెద్ద పార్కింగ్ లాట్‌లోనో, వాడకంలో లేని రన్‌వే మీదో నారింజ రంగు కోన్లు పెట్టి మెలికలు తిరిగే దారి వేస్తారు. ఒక కారు తగినంత దూరం వెళ్లాకే ఇంకో కారును వదులుతారు. పక్క కారుతో పోటీ ఉండదు, గడియారంతోనే పోటీ. ఒక రన్ సాధారణంగా నిమిషం లోపే అయిపోతుంది. కోన్ పడినా, దాని చుట్టూ గీసిన గీత దాటి జరిగినా టైమ్‌కి 2 సెకన్లు కలుపుతారు. ఈ పోటీలకు ప్రధాన సంస్థ 1944లో పుట్టిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా. వాళ్లు దీన్ని 'సోలో' అంటారు.

టెక్సస్‌లో ఒక క్లబ్బు తరఫున ఉదయాన్నే కార్లు తనిఖీ చేసే పని నాది. ఫ్రిస్కో, ప్లేనో వైపు నుంచి మనవాళ్లు ఈమధ్య బాగానే వస్తున్నారు. వచ్చే ముందు అడిగే ప్రశ్నలు మాత్రం ఇంచుమించు ఒకటే.

అపోహ: మియాటా, జీఆర్86 లాంటి చిన్న స్పోర్ట్స్ కారు ఉంటే తప్ప వెళ్లి లాభం లేదు.

క్యామ్రీ, సివిక్, కరోలా, టెస్లా మోడల్ 3 అన్నిటికీ క్లాసులున్నాయి. ప్రతి క్లాసుకూ ఒకటి కంటే తక్కువ గుణకం ఒకటి ఉంటుంది, దాన్ని ప్యాక్స్ అంటారు. మీ టైమ్‌ని దానితో గుణించి వచ్చినవాళ్లందరినీ ఒకే జాబితాలో పేరుస్తారు. అందుకే కరోలా నడిపే మనిషి కార్వెట్ స్పోర్ట్స్ కారు నడిపే మనిషి కంటే పైన కనిపించడం వింతేమీ కాదు.

రాకూడని కార్లు వేరు. ఎత్తు ఎక్కువై, దానికి తగ్గ వెడల్పు లేని బండి గట్టిగా తిప్పితే బోల్తా పడొచ్చు. ఎస్‌యూవీలను, మినీవ్యాన్లను చాలా క్లబ్బులు వెనక్కి పంపేది అందుకే. మీ ఇంట్లో ఉన్నది హైలాండరో సియెన్నానో అయితే డబ్బు కట్టే ముందే క్లబ్బుకు ఈమెయిల్ పెట్టి అడగండి.

అపోహ: ముందు ఇన్‌టేక్, స్ప్రింగులు, ఇంజిన్ ట్యూన్ చేయించుకుని, తర్వాత పోటీకి వెళ్లాలి.

ఎక్కువ డబ్బు తగలబడేది ఇక్కడే. క్లాసు నిర్ణయించేది కారు మోడల్ ఒక్కటే కాదు, దానికి మీరు ఏం చేయించారన్నదీ చూస్తారు. మార్పులు తక్కువగా ఉన్న కార్లకు 'స్ట్రీట్' అనే విభాగం ఉంది. అందులో షాక్ అబ్జార్బర్లు మార్చుకోవచ్చు. బ్రేక్ ప్యాడ్లు, ఒక యాంటీ రోల్ బార్ (మలుపులో కారు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ), ఎయిర్ ఫిల్టర్, క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాతి ఎగ్జాస్ట్ కూడా మార్చుకోవచ్చు. టైర్లకైతే సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద ట్రెడ్‌వేర్ అంకె, అంటే టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే అంకె, 200 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. రూల్‌బుక్ ఏటా కొంత మారుతుంది, ఆ ఏడాది ప్రతి చూసుకోండి.

కారును కిందికి దించే స్ప్రింగులు వేయించారంటే ఇక స్ట్రీట్‌లో ఉండరు. ఫిల్టర్ ఒక్కటే కాకుండా ఇన్‌టేక్ మొత్తం మార్చినా అంతే. పై విభాగంలోకి వెళ్తారు. అక్కడ రూల్స్ ఒప్పుకున్న ప్రతి మార్పూ చేసుకుని ఏళ్లుగా నడుపుతున్నవాళ్లు ఉంటారు. మీరు మార్చింది స్ప్రింగులు మాత్రమే. కారు కాస్త మెరుగై ఉండొచ్చు, మీ స్థానం మాత్రం కిందికి పోతుంది. సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవాళ్లు పాత ఓనరు ఏం చేయించాడో బానెట్ ఎత్తి చూసుకుని, ఆ తర్వాతే క్లాసు రాయండి.

ఇంకో సంగతి. ఇక్కడ వేగం మామూలుగా గంటకు 60 మైళ్ల చుట్టుపక్కలే, అదీ కాసేపే. చాలా కార్లు రన్ మొత్తం సెకండ్ గేర్‌లోనే గడిపేస్తాయి. కొన్ని హార్స్‌పవర్లు పెరిగినా వాడుకోవడానికి దారి ఎక్కడుంది? కోన్ దగ్గర బ్రేక్ ఎప్పుడు వదలాలో తెలిస్తే అంతకంటే ఎక్కువ టైమ్ దక్కుతుంది.

అపోహ: ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయితే దండగ.

కాదు. సెకండ్‌లో పెట్టి అక్కడే ఉంచగలిగితే చాలు. కొత్తవాళ్లకు ఒక పని తగ్గుతుంది కూడా.

అపోహ: టైర్లో గాలి తగ్గిస్తే గ్రిప్ పెరుగుతుంది.

ఇది మట్టి దారుల నుంచి వచ్చిన మాట అనుకుంటాను. ఇసుకలో, బురదలో నిజమే. తారు మీద, ముందు భాగం బరువుగా ఉండే సెడాన్‌తో గట్టిగా తిప్పినప్పుడు గాలి తక్కువైతే టైరు పక్కకు మడత పడుతుంది. నేలను పట్టుకోవాల్సిన ట్రెడ్ పైకి లేస్తుంది, సైడ్‌వాల్ రాసుకుంటుంది. మామూలు రోడ్డు టైర్లతో వస్తే డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ఉన్నదాని కంటే ఎక్కువే పెట్టి మొదలుపెట్టండి. స్టిక్కర్ మీద 33 ఉంటే ముందు టైర్లకు 38 నుంచి 40 పీఎస్ఐ. టైరు మీద రాసిన గరిష్ఠం మాత్రం దాటకూడదు.

ఆ తర్వాతి లెక్క చాక్‌పీస్ చెబుతుంది. ట్రెడ్ అంచు నుంచి సైడ్‌వాల్ మీదికి మూడు నాలుగు చోట్ల అడ్డంగా గీతలు గీయండి. చాలా టైర్ల అంచు దగ్గర చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. రన్ అయ్యాక చాక్ గీత ఆ త్రికోణం కొన దాకా చెరిగితే సరిగ్గా ఉన్నట్టు. దాన్ని దాటి చెరిగితే గాలి పెంచాలి. అంత దూరం రాకపోతే కొంచెం తీయాలి. టైరు లోపల 10 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి పెరిగితే ప్రెషర్ దాదాపు 1 పీఎస్ఐ పెరుగుతుంది. మా టెక్సస్ ఎండలో పొద్దున పెట్టిన అంకె మధ్యాహ్నానికి నిలవదు. కాబట్టి రన్‌కీ రన్‌కీ మధ్య చూసుకుని తీస్తూ ఉండాలి. ఆటోక్రాస్ కోసం ముందు ఏం కొనాలని అడిగితే నేను చెప్పేది ఒక మంచి గాలి గేజ్.

అపోహ: జిగురు టైర్లు లేకపోతే మొదటి పోటీకే వెళ్లొద్దు.

టైర్లతో వచ్చే తేడా మిగతా ఏ మార్పుతోనూ రాదు, అందులో సందేహం లేదు. బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఈ-71ఆర్ఎస్, యోకోహామా ఏ052 లాంటి 200 ట్రెడ్‌వేర్ టైర్లు వేస్తే అదే కారు వేరే కారులా తిరుగుతుంది. అయినా మొదటి కొన్ని పోటీలకు ఉన్న ఆల్ సీజన్ టైర్లతోనే రండి. అవి పట్టు వదిలే ముందు కీచుమంటాయి, నెమ్మదిగా జారతాయి. చేయి దాటుతోందని మీకు తెలిసే టైమ్ ఇస్తాయి. జిగురు టైర్లు అంత ముందుగా చెప్పవు.

పైగా అవి త్వరగా అరుగుతాయి, చలికి గట్టిపడతాయి, హైవే మీద మోత ఎక్కువ. రోజూ ఆఫీసుకు అవే వాడదామనుకోకండి. రెండో సెట్ చక్రాలు కొనుక్కోవడమే చివరికి చవక. వాడినవి కొంటుంటే సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అక్షరాలతో మొదలయ్యే వరస చివర ఉండే నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని.

అపోహ: నెగెటివ్ క్యాంబర్ పెట్టిస్తే రోజువారీ టైర్లు పాడైపోతాయి.

చక్రం పైభాగం లోపలికి వాలి ఉండడమే నెగెటివ్ క్యాంబర్. టైర్లను ఎక్కువగా తినేది అది కాదు, టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండడం. మీ కారులో ఫ్యాక్టరీ ఇచ్చిన సర్దుబాటు ఉంటే, ముందు చక్రాలకు ఆ పరిధిలో ఎక్కువ నెగెటివ్ క్యాంబర్, టో సున్నా పెట్టమని అలైన్‌మెంట్ షాపులో చెప్పండి. ఆటోక్రాస్‌లో ముందు టైర్ల బయటి అంచు అరిగిపోతుందని అందరూ ఏడుస్తారు, అదీ కొంత తగ్గుతుంది.

అపోహ: రేస్ బ్రేక్ ప్యాడ్లు వేస్తే బాగా ఆగుతుంది.

రేస్ ప్యాడ్లు వేడెక్కితేనే పట్టుకుంటాయి. నిమిషం లోపు అయిపోయే రన్‌లో అవి ఆ వేడికే చేరవు. అంటే మామూలు ప్యాడ్ల కంటే అధ్వాన్నం. బ్రేక్ ఫ్లూయిడ్ మరిగిపోతుందన్న భయం కూడా రేస్ ట్రాక్ మీద చాలాసేపు నడిపే ట్రాక్ డేలకు చెందినది. మీ ఫ్లూయిడ్ పాతదైతే ఎలాగూ మార్పించుకోండి. ఏబీఎస్ ఫ్యూజ్ పీకితే మొనగాళ్లం అవుతామనుకునేవాళ్లు ఇంకా తగులుతున్నారు. దయచేసి దాని జోలికి పోకండి.

అపోహ: ట్యాంకు ఖాళీగా ఉంటే కారు తేలికై పరిగెడుతుంది.

గ్యాలన్ పెట్రోలు బరువు దాదాపు 6 పౌండ్లు. పది గ్యాలన్లు తగ్గిస్తే కలిసొచ్చేది 60 పౌండ్లు. కానీ పెట్రోలు అడుగంటితే పొడవాటి మలుపులో అదంతా ఓ పక్కకు పోయి పంపుకు అందకపోవచ్చు. ఇంజిన్ తడబడి ఆ రన్ పోతుంది. పావు ట్యాంకు కంటే కాస్త పైన ఉంచండి, చాలు.

బరువు తగ్గించాలంటే డిక్కీ తెరవండి. వారం క్రితం కొన్న సోనా మసూరి బస్తా, స్ట్రోలర్, పిల్లల కారు సీటు, స్టెప్నీ, జాకీ అన్నీ దింపండి. ఫ్లోర్ మ్యాట్లు కూడా. నీళ్ల సీసా దొర్లి బ్రేక్ పెడల్ కిందికి చేరితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. డ్యాష్‌బోర్డు మీద అతికించిన వినాయకుడు మలుపులో ఊడి మీ మీదికే వస్తాడు. ఆ రోజుకు ఆయన్ని ఇంటి దగ్గరే కూర్చోబెట్టండి.

అపోహ: టెక్ ఇన్‌స్పెక్షన్ అంటే ఇంజిన్ విప్పి చూస్తారు.

మేం చూసేది ఊడిపోయేవి, కారిపోయేవి. లగ్ నట్లు సరిగ్గా బిగించి ఉన్నాయా? టొయోటా సెడాన్లలో చాలావాటికి 76, హోండా సివిక్‌కు 80 ఫుట్-పౌండ్ల టార్క్, మీ కారు మాన్యువల్‌లో చూసుకోండి. బ్యాటరీ కదులుతోందా, చక్రాన్ని పైన కింద పట్టి ఊపితే బేరింగ్ లూజుగా ఉందా, యాక్సిలరేటర్ వదిలితే వెనక్కి వస్తోందా, బ్రేక్ పెడల్ గట్టిగా ఉందా, టైర్లలో తీగలు బయటపడ్డాయా. వీల్ క్యాప్‌లు ముందే పీకి రండి. నంబరు, క్లాసు అక్షరాలు దూరం నుంచి కనిపించేంత పెద్దగా ఉండాలి. పెయింటర్స్ టేప్‌తో అతికించుకున్నా చెల్లుతుంది.

హెల్మెట్ విషయంలో పేచీలు వస్తాయి. లోపల స్నెల్ (హెల్మెట్లను పరీక్షించే సంస్థ) స్టిక్కర్, గడువులో ఉన్నది, ఉంటే సమస్య లేదు. ఇండియా నుంచి తెచ్చుకున్న ఐఎస్ఐ ముద్ర బైక్ హెల్మెట్ చూపించి వాదించకండి. అమెరికా రవాణా శాఖ డాట్ ముద్ర ఒక్కటే ఉన్నా చాలదు. చాలా క్లబ్బుల దగ్గర అరువు హెల్మెట్లు ఉంటాయి.

అపోహ: వేరే కంపెనీ పార్టు వేస్తే వారంటీ మొత్తం పోతుంది, గుద్దితే ఇన్సూరెన్స్ చూసుకుంటుంది.

రెండూ తలకిందులు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, బయటి పార్టు వేశారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయడం కుదరదు. పాడైనదానికి ఆ పార్టే కారణమైతే ఆ రిపేరుకు వారంటీ ఇవ్వరు. అయితే రేసింగ్ వల్ల జరిగిన నష్టం వర్తించదని వారంటీ పుస్తకాల్లో మామూలుగా రాసే ఉంటుంది.

ఇన్సూరెన్స్ పాలసీల్లో రేసింగ్, వేగపు పోటీలకు మినహాయింపు సర్వసాధారణం. మాటలు కంపెనీకో రకంగా ఉంటాయి. ఏజెంటు ఫోన్‌లో "ఏం పర్లేదండీ" అన్నాడని టెన్షన్ లేకుండా ఉండకండి, మీ పాలసీ కాగితంలో ఆ పేరా మీరే చదవండి.

హైదరాబాద్, విజయవాడల నుంచి చదువుతున్నవాళ్లకు ఒక్క మాట. ఇండియాలో ఆటోక్రాస్ పేరుతో జరిగే పోటీలు చాలావరకు మట్టి మీదే. పైన చెప్పిన గాలి లెక్క, టైర్ల లెక్క అక్కడ పనికిరావు. కారు కింద గార్డు, నేల నుంచి కారు ఎత్తు ముందు చూసుకోవాల్సినవి. లైసెన్సు, హెల్మెట్ నిబంధనలకు ఇండియా మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ రూల్స్ చదివి, మీ ఊరికి దగ్గరి క్లబ్బును అడగండి.