ఆదివాసీలకు ఉచిత న్యాయసాయం: ఖర్చు ఎవరిది? అపోహలు – వాస్తవాలు

అపోహ: ఆదాయం సర్టిఫికెట్ లేకపోతే లాయరును ఇవ్వరు.

1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ తెగల వారికి ఆదాయ పరిమితే లేదు. చిక్కు వచ్చేది ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గొత్తికోయలకు. తెలంగాణలో వాళ్లకు ఎస్టీ గుర్తింపు లేదు. ఆ ఒక్క కారణం చూపి వెనక్కి పంపితే తప్పే. మహిళలు, పిల్లలు, కస్టడీలో ఉన్నవాళ్లు ఏ తెగవారైనా అదే సెక్షన్ కింద అర్హులు. మిగతా మగవాళ్లు తక్కువ ఆదాయం కింద అడగవచ్చు, దానికి మామూలుగా అఫిడవిట్ సరిపోతుంది. రాయడం రానివాళ్లు నోటితో చెబితే ఆఫీసులోనే రాసుకుని వేలిముద్ర తీసుకోవాలి. హెల్ప్‌లైన్ 15100.

అపోహ: లాయరు ఊరికే వాదిస్తాడు, ఎంతో కొంత చేతిలో పెట్టాలి.

ఆయన ఫీజు న్యాయసహాయ నిధి నుంచి వస్తుంది. కేంద్రం, రాష్ట్రం ఇచ్చే గ్రాంట్లు, కోర్టు ఉత్తర్వులతో జమయ్యే మొత్తాలు, విరాళాలు కలిస్తే ఆ నిధి. కోర్టు ఫీజు, ప్రాసెస్ ఫీజు, సర్టిఫైడ్ కాపీలు, అనువాదం ఖర్చు కూడా అందులోవే. కక్షిదారు దగ్గర డబ్బే కాదు, వస్తు రూపంలో తీసుకున్నా నిబంధనల ఉల్లంఘనే. లాయరు అడిగితే జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

అపోహ: ఈ సాయం కోర్టు కేసులకే, భూమి కేసుకు సొంత లాయరును పెట్టుకోవాలి.

ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే. చట్టంలో "కోర్టు" అంటే రెవెన్యూ కోర్టు, న్యాయాధికారం ఉన్న ఇతర అధికారులు కూడా. అంటే 1/70 (ఏజెన్సీ, అంటే షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా చూసే చట్టం) కింద స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ ముందు నడిచే కేసుకూ లాయరును అడగవచ్చు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందే భావిస్తుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది అవతలివాడు. ఇంత బలమైన కేసు కూడా వాయిదాకు ఎవరూ వెళ్లకపోతే పోతుంది. లాయర్లు కోర్టులున్న పట్నంలో ఉంటారు, ఫైలు ఏజెన్సీలో నడుస్తుంది. నిధులు పెంచేటప్పుడు లాయరు ప్రయాణ ఖర్చు, కోయ, గోండి దుబాసీల ఖర్చు ముందు చూడాలని మా గట్టి అభిప్రాయం. దరఖాస్తులో కేసు నంబరు, వాయిదా తేదీ, ఏ ఆఫీసు అన్నది తప్పక రాయండి.

అపోహ: అట్రాసిటీ కేసులో సాక్షుల బస్సు ఛార్జీ బాధితులే భరించాలి.

అది న్యాయసహాయ నిధి పద్దు కాదు. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ నిరోధక చట్టం కింద వచ్చిన 1995 నిబంధనల్లో 11వ నిబంధన ప్రకారం బాధితులకు, సాక్షులకు రానుపోను ఛార్జీ, దినభత్యం జిల్లా యంత్రాంగమే ఇవ్వాలి. వాయిదా అయిన వెంటనే కోర్టు నుంచి హాజరు పత్రం తీసుకోండి, టికెట్లు దానికే పిన్ను చేసి ఉంచండి.